సౌందర్యం కోసం శస్త్రచికిత్స: వైద్యమా? సృష్టిని మార్చడమా?

కొన్ని విషయాలను మన ఇళ్ళలో ఎవరూ నోరు తెరిచి మాట్లాడరు. తల్లి కూతురితో మాట్లాడదు, భార్య భర్తతో మాట్లాడదు. మనం మౌనంగా ఉన్నంత మాత్రాన ప్రపంచం మౌనంగా ఉండదు కదా! మనం చెప్పని మాటను పత్రికల్లోని ప్రకటన చెబుతుంది, చేతిలోని ఫోను చెబుతుంది, రోడ్డు పక్కన నిలబెట్టిన పెద్ద బోర్డు చెబుతుంది. స్త్రీలు తమ వక్షాన్ని పెద్దదిగా చేసుకోవడానికి సిలికాన్ సంచులు, అంటే ఇంప్లాంట్లు, పెట్టించుకునే శస్త్రచికిత్స అలాంటి విషయాల్లో ఒకటి. ఒకప్పుడు ఇది సినిమా తారలకు మాత్రమే సంబంధించిన సంగతి. నేడు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో మధ్యతరగతి గృహిణి ముందుకు కూడా ఇది వచ్చి నిలబడింది.

ఇలాంటి విషయాన్ని ధార్మిక పత్రికలో చర్చించవచ్చా అని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. అన్సారీ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) ఏ విషయంలో మెచ్చుకున్నారో గుర్తు చేసుకుందాం. ధర్మాన్ని తెలుసుకోవడానికి సిగ్గు వారికి అడ్డు రాలేదని ఆమె ప్రశంసించారు. సిగ్గు విశ్వాసంలో ఒక భాగం. అయితే ధర్మం తెలుసుకోకుండా ఆపేది సిగ్గు కాదు, అది బలహీనత. అందుచేత మర్యాద తప్పకుండా, దాపరికం లేకుండా ఈ ప్రశ్నను పరిశీలిద్దాం: ఒక ముస్లిం స్త్రీ తన రూపాన్ని మార్చుకోవడానికి శరీరంలో కృత్రిమ వస్తువును అమర్చుకోవచ్చా? ఏ పరిస్థితిలో అది వైద్యం అవుతుంది, ఏ పరిస్థితిలో అల్లాహ్ సృష్టిని మార్చడం అవుతుంది?

ఈ పని ఎలా మొదలైంది?

సిలికాన్ ఇంప్లాంట్‌ను మొట్టమొదట 1962లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో ఒక స్త్రీకి అమర్చారు. థామస్ క్రోనిన్, ఫ్రాంక్ గెరో అనే ఇద్దరు సర్జన్లు దీన్ని రూపొందించారు. ఇక్కడ ఒక సంగతి ఆలోచింపజేస్తుంది. ఆ స్త్రీ వక్షాన్ని పెంచుకోవడానికి ఆసుపత్రికి రాలేదు. ఛాతీ మీద పొడిపించుకున్న పచ్చబొట్లను తీసివేయించుకోవడానికి వచ్చింది. కొత్త ప్రయోగంలో పాల్గొంటావా అని వైద్యులే అడిగారు, ఆమె ఒప్పుకుంది. ఒక మార్పు చేయించుకుని దానికి పశ్చాత్తాపపడి, దాన్ని తుడిపించుకోవడానికి వెళ్ళిన మనిషి మరో మార్పుతో తిరిగి వచ్చింది! రూపం మీద అసంతృప్తి ఎలా పనిచేస్తుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఆనాటి ప్రయోగం ఈనాడు పెద్ద వ్యాపారం. ప్రపంచవ్యాప్తంగా ఏటా పదిహేను లక్షల మందికి పైగా స్త్రీలు ఈ శస్త్రచికిత్స చేయించుకుంటున్నారు. వీరిలో అత్యధికులు ఏ రోగమూ లేనివారే.

ఇస్లాం సౌందర్యానికి వ్యతిరేకమా?

కానే కాదు. ఈ మాటను ముందే స్పష్టం చేయడం అవసరం. అల్లాహ్ తన దాసుల కోసం ఉత్పన్నం చేసిన అలంకారాన్ని నిషేధించేవారెవరని దివ్యఖుర్ఆన్ నిలదీసింది (7:32). ఒక వ్యక్తి తన దుస్తులు, చెప్పులు బాగుండాలని కోరుకోవడం అహంకారమవుతుందా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, అల్లాహ్ సౌందర్యవంతుడని, ఆయన సౌందర్యాన్ని ఇష్టపడతాడని దైవప్రవక్త (సల్లం) వివరించారు. సత్యాన్ని తిరస్కరించడం, తోటివారిని చిన్నచూపు చూడటం - ఇదీ అహంకారమని తేల్చి చెప్పారు.

ఈ హదీసును ఉల్లేఖించినవారు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి). సహీహ్ ముస్లింలో ఇది ఉంది. పాఠకులు ఈ పేరును గుర్తుంచుకోవాలి. ఎందుకంటే మన ప్రశ్నకు సంబంధించిన రెండో హదీసు కూడా ఆయన ద్వారానే మనకు అందింది. సౌందర్యం కోసం పచ్చబొట్లు పొడిచే, పొడిపించుకునే స్త్రీలను, ముఖం మీది వెంట్రుకలు పీకించుకునే స్త్రీలను, అందం కోసం పళ్ళను అరగదీయించి సందులు చేయించుకునే స్త్రీలను - అల్లాహ్ సృష్టిని మార్చేవారుగా ఆ హదీసు పేర్కొని శపించింది. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఇది ఉంది.

అసద్ తెగకు చెందిన ఉమ్మె యాఖూబ్ అనే స్త్రీ ఈ మాట విని ఆయన దగ్గరకు వచ్చింది. ఖుర్ఆన్‌ను మొదటి నుంచి చివరి వరకు చదివాననీ, ఇది తనకు ఎక్కడా కనబడలేదనీ నిర్భయంగా అడిగింది. ప్రవక్త ఇచ్చినదాన్ని తీసుకోమని, వారించినదాన్ని మానుకోమని ఖుర్ఆన్ ఆదేశించింది కదా (59:7) అని ఆయన గుర్తు చేశారు. మీ ఇంట్లోనే మీ భార్య ఇలాంటిది చేస్తుందనుకుంటానని ఆమె అన్నది. వెళ్ళి చూసుకోమన్నారు. ఆమె వెళ్ళి చూసింది, అలాంటిదేమీ కనబడలేదు. ఒక స్త్రీ పండితుడిని ఇలా నిలదీసి అడగడం, ఆయన కోపగించుకోకుండా తన ఇంటి తలుపు తెరిచి చూపడం - ఈ రెండూ మనకు ఆదర్శమే. ధర్మం చెప్పేవాడు మొదట తన ఇంట్లో దాన్ని ఆచరించి చూపాలి.

దివ్యఖుర్ఆన్‌లో నిసా సూరాలో (4:119) షైతాను చేసిన ప్రతిజ్ఞ ప్రస్తావన ఉంది. మానవులను పెడదోవ పట్టిస్తానని, వారిలో వ్యర్థ ఆశలు రేపుతానని, వారిచేత అల్లాహ్ సృష్టిని మార్పిస్తానని వాడు సవాలు చేశాడు. వ్యర్థ ఆశలు రేపడం, సృష్టిని మార్పించడం అనే రెండు మాటలు ఒకేచోట పక్కపక్కన ఉండటాన్ని మనం గమనించాలి. ముందు మనసులో ఒక కోరిక పుడుతుంది. కత్తి తర్వాత వస్తుంది.

అలాగైతే చికిత్స సంగతి ఏమిటి?

మరి శరీరంలో ఏ మార్పూ చేయకూడదా? పుట్టుకతో పెదవి చీలిన పసిబిడ్డకు ఆపరేషన్ చేయించకూడదా? కాలిన ముఖానికి చర్మం అతికించకూడదా? ఈ ప్రశ్నకు జవాబు దైవప్రవక్త (సల్లం) కాలంలోనే లభించింది. హజ్రత్ అర్‌ఫజా (రజి) అజ్ఞాన కాలంలో జరిగిన కులాబ్ యుద్ధంలో ముక్కు కోల్పోయారు. వెండి ముక్కు చేయించి పెట్టుకున్నారు. అది దుర్వాసన కొట్టసాగింది. అప్పుడు దైవప్రవక్త (సల్లం) బంగారు ముక్కు చేయించుకోమని ఆయనకు చెప్పారు. అబూదావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఈ సంఘటన ఉంది. పురుషులకు బంగారం నిషిద్ధం. అయినా పోయిన అవయవం స్థానంలో అమర్చుకోవడానికి దాన్ని అనుమతించారు. పోగొట్టుకున్నదాన్ని తిరిగి పొందే ప్రయత్నం సృష్టిని మార్చడం కాదనీ, అది సృష్టిని దాని అసలు స్థితికి చేర్చడమనీ దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇమాం నవవీ (రహ్మలై) పళ్ళ సందుల గురించిన హదీసును వివరిస్తూ, అందులోని 'సౌందర్యం కోసం' అన్న మాటను పట్టి చూపారు. కేవలం అందం కోసం చేసేదే నిషిద్ధమని, చికిత్స కోసమో, పంటిలోని లోపాన్ని సరిచేయడం కోసమో అయితే తప్పు లేదని ఆయన అభిప్రాయపడ్డారు. ఒకే పని, ఒకే పరికరం, ఒకే వైద్యుడు. ఉద్దేశాన్నిబట్టి, అవసరాన్నిబట్టి తీర్పు మారిపోతుంది.

మన కాలంలో ఈ సమస్యను అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ చేపట్టింది. 2007 జూలైలో మలేషియాలోని పుత్రజయలో జరిగిన తన 18వ సమావేశంలో సౌందర్య శస్త్రచికిత్సల మీద వివరమైన తీర్మానం చేసింది. దాని సారాంశం ఇది: పుట్టుకతో వచ్చిన లోపాలను, ప్రమాదాలు, కాలిన గాయాలు, వ్యాధుల వల్ల ఏర్పడిన వికారాలను సరిచేయడం, మనిషికి శారీరకంగానో మానసికంగానో నిజమైన బాధ కలిగించే వైకల్యాన్ని తొలగించడం ధర్మసమ్మతం. రొమ్మును తొలగించినప్పుడు దాన్ని తిరిగి రూపొందించడం, దాని పరిమాణం రోగస్థితికి దారితీసేంత ఎక్కువగానో తక్కువగానో ఉన్నప్పుడు సరిచేయడం కూడా ఇందులోకి వస్తుంది. వైద్యంతో సంబంధం లేకుండా, సహజంగా ఉన్న రూపాన్ని కేవలం మనోవాంఛల కోసం, ఇతరులను అనుకరించడం కోసం మార్చుకోవడం మాత్రం ధర్మసమ్మతం కాదు.

కాబట్టి ఇద్దరు సోదరీమణులను ఊహించుకుందాం. ఒకరికి రొమ్ము క్యాన్సర్ సోకింది. మన దేశంలో స్త్రీలకు అన్నిటికంటే ఎక్కువగా వస్తున్న క్యాన్సర్ ఇదే. ప్రాణం కాపాడటానికి వైద్యులు ఒక రొమ్మును తొలగించారు. మరొకరు సంపూర్ణ ఆరోగ్యవంతురాలు. అల్లాహ్ ఇచ్చిన శరీరం చక్కగా ఉంది. కానీ అది తెర మీద కనిపించే బొమ్మలా లేదని బాధ. ఇద్దరూ ఒకే ఆసుపత్రికి వెళ్ళి, ఒకే సంచి పెట్టించుకోవచ్చు. మొదటి సోదరి అర్‌ఫజా (రజి) దారిలో ఉంది. రెండో సోదరి ఏ దారిలో ఉందో ఆమే ఆలోచించుకోవాలి.

తరచుగా వినిపించే వాదనలు

ఈ విషయంలో మన సోదరీమణులు లేవనెత్తే ప్రశ్నలను తేలికగా కొట్టిపారేయడం న్యాయం కాదు. వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి వాదన: చెవులు కుట్టించుకోవడం కూడా శరీరాన్ని మార్చడమే కదా? దైవప్రవక్త (సల్లం) కాలంలో స్త్రీలు చెవులకు పోగులు ధరించేవారు. ఒక పండుగ రోజున ఆయన దానధర్మాల గురించి ప్రబోధించగా, స్త్రీలు తమ చెవిపోగులు తీసి హజ్రత్ బిలాల్ (రజి) పరచిన వస్త్రంలో వేశారు. ఆయన వారిని వారించలేదు. అది ప్రమాదం లేని చిన్న పని. అవయవం ఆకారాన్ని మార్చేది కాదు, ఆభరణం తగిలించుకోవడానికి ఒక వీలు మాత్రమే. గోరింటాకు, కాటుక, తలకు రంగు కూడా ఇలాంటివే. అవి పైపై అలంకారాలు. మత్తుమందు ఇచ్చి, శరీరం కోసి, లోపల వస్తువును పెట్టి కుట్టే పనిని వాటితో పోల్చలేం.

రెండో వాదన: మానసిక వేదన కూడా రోగమే కదా? నిజమే. ఫిఖహ్ అకాడమీ తీర్మానం కూడా దాన్ని గుర్తించింది. ఒకవైపు రొమ్ము అసలు ఎదగకుండా పుట్టిన ఆడపిల్లలు ఉంటారు. ఇలాంటి పుట్టుక లోపాన్ని వైద్యులు గుర్తించి పేరు కూడా పెట్టారు. ఆ అమ్మాయి వేదన కల్పితం కాదు. ఆమెకు షరీఅత్‌లో వెసులుబాటు ఉంది. అయితే వేదన ఎక్కడ నుంచి వచ్చిందో చూడాలి. శరీరంలో లోపం ఉండి వేదన కలిగితే శరీరానికి వైద్యం చేయాలి. శరీరం సవ్యంగా ఉండి, పోల్చుకోవడం వల్ల వేదన కలిగితే, వైద్యం అవసరమైనది మనసుకు. కాలు నొప్పిగా ఉంటే చేతికి కట్టు కట్టరు కదా!

మూడో వాదన: భర్త కోరుతున్నాడు. భర్త కోసం అలంకరించుకోవడం పుణ్యమే కదా? తప్పకుండా పుణ్యమే. కానీ దానికి ఒక హద్దు ఉంది. ఒక అన్సారీ స్త్రీ తన కూతురికి పెళ్ళి చేసింది. ఆ అమ్మాయి జుట్టు రాలిపోయింది. సవరం కలపమని అల్లుడు కోరుతున్నాడని ఆ తల్లి దైవప్రవక్త (సల్లం)ను అడిగింది. ఆయన అనుమతించలేదు. ఇమాం బుఖారీ (రహ్మలై) ఈ హదీసును తన గ్రంథంలో పెళ్ళికి సంబంధించిన భాగంలో పొందుపరిచి, పాపకార్యంలో స్త్రీ తన భర్త మాట వినకూడదన్న శీర్షిక పెట్టారు. భర్త ఇష్టం గొప్పదే. అల్లాహ్ ఆజ్ఞ దానికంటే గొప్పది.

నాలుగో వాదన: డబ్బున్నవారికి దొరికే అందం పేదవారికి ఎందుకు దొరకకూడదు? 2018లో తమిళనాడు ప్రభుత్వం చెన్నైలోని స్టాన్లీ ప్రభుత్వ ఆసుపత్రిలో ఇలాంటి సౌందర్య శస్త్రచికిత్సలను ఉచితంగా చేయనున్నట్లు ప్రకటించినప్పుడు వినిపించిన వాదన ఇదే. పేదల మీద జాలి ఉండటం మంచిదే. కానీ అసలు ప్రశ్న వేరు. పేద స్త్రీకి తన శరీరం తక్కువైనదని ఎవరు చెప్పారు? ముందు ఆమెను అలా నమ్మించి, ఆ తర్వాత ఉచితంగా కత్తి ఇవ్వడం సమానత్వం అవుతుందా? క్యాన్సర్‌తో రొమ్ము కోల్పోయిన పేద స్త్రీకి పునర్నిర్మాణ చికిత్స ఉచితంగా అందితే, అది నిజమైన న్యాయం.

శరీరం అమానతు

నా శరీరం నా ఇష్టం అనే మాట ఈ రోజుల్లో ఎక్కువగా వినబడుతోంది. ముస్లిం దృష్టిలో శరీరం మన సొంత ఆస్తి కాదు, అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. మీ చేతులారా మిమ్మల్ని మీరు వినాశంలో పడవేసుకోవద్దని ఖుర్ఆన్ (2:195) హెచ్చరించింది. అవసరం లేని శస్త్రచికిత్సలో ఉన్న ప్రమాదాలను ఈ దృష్టితోనే చూడాలి.

ఫ్రాన్సులో పి.ఐ.పి. అనే సంస్థ ఇంప్లాంట్లు తయారు చేసేది. వైద్యానికి అనుమతి పొందిన సిలికాన్‌కు బదులు, ఖర్చు తగ్గించుకోవడానికి పరిశ్రమల్లో వాడే చవకరకం సిలికాన్‌ను వాటిలో నింపిందని 2010లో బయటపడింది. అప్పటికి అరవైకి పైగా దేశాల్లో సుమారు 3 లక్షల మంది స్త్రీల శరీరాల్లో ఆ సంచులు ఉన్నాయి. తమ దేశంలోని దాదాపు 30 వేల మంది స్త్రీలు వాటిని తీయించుకోవాలని ఫ్రాన్సు ప్రభుత్వం 2011 డిసెంబరులో సలహా ఇచ్చింది. సంస్థ యజమానికి 2013లో నాలుగేళ్ళ జైలు శిక్ష పడింది. శిక్ష ఆయనకు పడింది. మరో కోత మాత్రం ఆ స్త్రీల శరీరాల మీదే పడింది.

అనుమతి పొందిన ఇంప్లాంట్లయినా జీవితకాలం ఉండేవి కావని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ చెబుతోంది. ఎంత ఎక్కువ కాలం ఉంటే ఇబ్బందులు వచ్చే అవకాశం అంత ఎక్కువ. సంచి చుట్టూ కణజాలం గట్టిపడి నొప్పి పుట్టవచ్చు. సంచి చిరిగినా స్త్రీకి తెలియకపోవచ్చు. అందుకే సిలికాన్ ఇంప్లాంట్లు పెట్టించుకున్నవారు అయిదారేళ్ళకు ఒకసారి, ఆ తర్వాత రెండు మూడేళ్ళకోసారి స్కానింగ్ చేయించుకోవాలని ఆ సంస్థ సూచిస్తోంది. గరుకు ఉపరితలం ఉన్న ఇంప్లాంట్లకూ ఒక రకం లింఫోమా క్యాన్సర్‌కూ సంబంధం ఉందని తేలడంతో, 2019 జూలైలో ఒక పెద్ద కంపెనీ అలాంటి రకాన్ని ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకుంది. 2021లో ఇంప్లాంట్లన్నిటి మీదా అత్యంత తీవ్రమైన హెచ్చరిక ముద్రించాలని, ప్రమాదాల జాబితాను రోగికి వివరించిన తర్వాతే అమర్చాలని నిబంధన పెట్టారు. ఈ క్యాన్సర్ అరుదైనదే. కానీ రోగం లేని మనిషి అరుదైన ప్రమాదాన్ని మాత్రం ఎందుకు కొని తెచ్చుకోవాలి?

ఇంకో రెండు సంగతులు. ఇంప్లాంట్ ఉన్నప్పుడు రొమ్ము క్యాన్సర్‌ను కనిపెట్టే మామోగ్రఫీ పరీక్షలో కొంత భాగం మరుగునపడుతుంది, అదనపు ఫొటోలు తీయవలసి వస్తుంది. అలాగే కోత పెట్టిన చోటునుబట్టి బిడ్డకు పాలివ్వడంలో ఇబ్బంది రావచ్చు. పూర్తికాలం పాలివ్వదలచిన తల్లులు రెండేళ్ళు పాలివ్వాలని ఖుర్ఆన్ (2:233) పేర్కొన్నది. బిడ్డ హక్కు ఉన్నచోట చూపుల కోరికను ముందు నిలబెట్టడం ఎంతవరకు సమంజసం?

వీటికి తోడు అవసరం లేకుండా సతర్‌ను పరాయివారి ముందు తెరవడం, లక్ష రూపాయలు దాటే ఖర్చు, దానికోసం కొందరు తీసుకునే వడ్డీ అప్పు. చికిత్స అవసరమైతే వీటిలో మొదటి రెండింటినీ భరించవచ్చు. కేవలం అందం కోసమైతే ప్రతి ఒక్కటీ లెక్కలోకి వస్తుంది. తీర్పుదినాన సంపద ఎలా సంపాదించావు, ఎందులో ఖర్చు చేశావు అన్న ప్రశ్న తప్పదు కదా!

తప్పు స్త్రీది మాత్రమేనా?

ఇంతవరకు చెప్పినదంతా విని కొందరు పురుషులు తల ఊపవచ్చు. ఇప్పుడు వారిని కూడా కొంచెం వినమని కోరుతున్నాం.

ఒక గృహిణికి తన శరీరం మీద అయిష్టం దానంతట అది పుట్టదు. పెళ్ళిచూపులకు వచ్చినవారు ఆమెను సంతలో సరుకులా తేరిపార చూసి వెళతారు. వలీమా విందులోనే బంధువులు కొత్త కోడలి రంగు, ఎత్తు, ఒళ్ళు గురించి వ్యాఖ్యలు చేస్తారు. పిల్లలను కని, పాలిచ్చి, కాన్పుల వల్ల శరీరం సడలిపోతే భర్త ఆమెను సినిమాలోని స్త్రీతో పోలుస్తాడు. నోటితో అనకపోయినా చూపుతో అంటాడు. తన బిడ్డలకు ఆహారమైన శరీరాన్ని చూసి అతను కృతజ్ఞత చూపాలి. ఎగతాళి చేస్తే అది ఎంత పెద్ద అన్యాయం!

నూర్ సూరాలో చూపులు దించుకోమన్న ఆజ్ఞ మొదట విశ్వాసులైన పురుషులకు వచ్చింది (24:30), ఆ తర్వాతే స్త్రీలకు వచ్చింది (24:31). ఈ వరుసలో గొప్ప వివేకం ఉంది. పురుషుడు పరాయి స్త్రీల బొమ్మలతో కళ్ళు నింపుకోకుండా ఉంటే, అతని కంటికి భార్య తక్కువగా కనబడదు. ఒకరినొకరు ఎగతాళి చేసుకోవద్దని, స్త్రీలు కూడా తోటి స్త్రీలను ఎగతాళి చేయవద్దని హుజురాత్ సూరా (49:11) ప్రత్యేకంగా ఆదేశించింది. అత్తలు, ఆడపడుచులు, స్నేహితురాళ్ళు ఈ ఆయతును మరోసారి శ్రద్ధగా చదవాలి. కాబట్టి ఆపరేషన్ బల్ల మీదికి వెళ్ళిన స్త్రీ ఒంటరిగా వెళ్ళలేదు. ఆమెను అక్కడిదాకా నెట్టినవారి చేతులు కూడా వెనుక ఉన్నాయి. ప్రశ్నించే రోజున ఆ చేతుల లెక్క కూడా అడుగుతారు.

చికిత్స అవసరమైన సోదరీమణులకు

రొమ్ము కోల్పోయిన సోదరీమణుల్లో కొందరు, తిరిగి అమర్చుకోవడం పాపమేమోనని భయపడి, కుమిలిపోతూ బతుకుతున్నారు. అలా బాధపడవలసిన పని లేదు. వైద్యం చేయించుకోమన్నది దైవప్రవక్త (సల్లం) బోధనే. పునర్నిర్మాణం తప్పనిసరి కూడా కాదు. వద్దనుకుంటే దుస్తుల లోపల పెట్టుకునే మెత్తటి కృత్రిమ రొమ్ములు దొరుకుతాయి. శరీరంలో నుంచే కండ, కొవ్వు తీసి రూపొందించే పద్ధతి కూడా ఉంది. ఏది ఎంచుకున్నా ఈ విషయాలు అడిగి తెలుసుకోవాలి: ఇంప్లాంట్ ఏ కంపెనీది, ఉపరితలం నునుపుదా గరుకుదా, ఎన్నాళ్ళకు పరీక్ష చేయించుకోవాలి, దాని కార్డు ఇస్తారా. ఇంప్లాంట్‌కు ఆసరాగా కొన్నిసార్లు జంతు చర్మం నుంచి తయారైన పొరను వాడతారు. వాటిలో పందిచర్మంతో చేసినవీ ఉన్నాయి, ఇతర రకాలూ ఉన్నాయి. మనం ముస్లింలమని ముందే చెప్పి, వేరే రకం వాడమని కోరవచ్చు. వీలైనంతవరకు మహిళా సర్జన్‌ను చూసుకోవాలి. దొరకనప్పుడు పురుష వైద్యుడు అవసరమైన మేరకు చూడటంలో దోషం లేదు. అవసరం ఎంతవరకో అనుమతి కూడా అంతవరకే. ఇంకా సందేహం ఉంటే, వైద్యుల నివేదికతో సహా నమ్మకమైన ఆలిమ్‌ను సంప్రదించాలి.

ఇలాంటి సమయంలో భర్త బాధ్యత చాలా పెద్దది. దంపతుల మధ్య ప్రేమను, కారుణ్యాన్ని ఉంచినట్లు అల్లాహ్ తెలిపాడు (30:21). యౌవనంలో ప్రేమించడానికి ఎవరికైనా చేతనవుతుంది. కారుణ్యం అవసరమయ్యేది ఇలాంటి రోజుల్లోనే.

ఇక, ధర్మం తెలియకనో, ఒత్తిడి వల్లనో ఇప్పటికే అందం కోసం ఈ పని చేయించుకున్న సోదరీమణులు ఉండవచ్చు. వారికి తౌబా తలుపు తెరిచే ఉంది. ఇంప్లాంట్ చర్మం లోపల ఉంటుంది కాబట్టి వుజూకు, గుస్ల్‌కు అది అడ్డు కాదు, నమాజుకు ఆటంకం లేదు. దాన్ని తీయించడంలో కూడా ప్రమాదం ఉంటుంది. వైద్యులు, ఉలమాల సలహా లేకుండా తొందరపడవద్దు. పరీక్షలు మాత్రం మానవద్దు. చుట్టూ ఉన్నవారు ఆమెను వేలెత్తి చూపడం, చాటుగా చెప్పుకోవడం మరో పాపం. తోటివారి లోపాన్ని కప్పి ఉంచినవారి లోపాలను అల్లాహ్ కప్పి ఉంచుతాడన్న శుభవార్త మనకు ఉంది.

బరువు తూగేది ఏది?

గుర్తుంచుకోమన్న పేరు దగ్గరకు మళ్ళీ వద్దాం. సౌందర్యాన్ని గురించిన హదీసునూ, సృష్టిని మార్చడాన్ని గురించిన హదీసునూ మనకు అందించిన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) చాలా సన్నగా, బలహీనంగా ఉండేవారు. ఒకసారి ఆయన మిస్వాక్ కోసం చెట్టెక్కారు. గాలికి వస్త్రం తొలగి ఆయన సన్నని పిక్కలు కనబడ్డాయి. చూసినవారు నవ్వారు. దైవప్రవక్త (సల్లం) ఎందుకు నవ్వుతున్నారని అడిగారు. సన్నని కాళ్ళను చూసి అని వారు చెప్పారు. ఆ కాళ్ళు తీర్పుదినపు త్రాసులో ఉహుద్ కొండ కంటే బరువు తూగుతాయని ఆయన ప్రమాణం చేసి మరీ చెప్పారు.

ఆయన కాళ్ళు లావెక్కలేదు, చివరిదాకా అలాగే ఉన్నాయి. వాటి విలువ మాత్రం తెలిసింది. లోకం చూపుల్లో తక్కువగా కనబడిన శరీరమే రాత్రి నమాజుల్లో నిలబడింది, ఖుర్ఆన్ బోధించింది, ధర్మం కోసం దెబ్బలు తిన్నది. మన ఇళ్ళలోని తల్లుల శరీరాలు కూడా అలాంటివే. బిడ్డలను మోశాయి, పాలిచ్చాయి, తెల్లవారుజామున ఫజ్ర్‌కు లేచాయి, ఉపవాసాలు పాటించాయి. వాటిని కొలవడానికి సర్జన్ దగ్గరున్న టేపు చాలదు.

ముసలితనం తప్ప అన్ని రోగాలకూ అల్లాహ్ మందు సృష్టించాడని దైవప్రవక్త (సల్లం) చెప్పారు. నేటి వ్యాపారం ఆ ఒక్కదానికే మందు అమ్ముతున్నానంటోంది. ఆరోగ్యంగా ఉన్నవారిని రోగులని నమ్మిస్తోంది. ఈ మాయలో పడకుండా మన ఆడపిల్లలను కాపాడుకోవడం మన ఇంటి మాటతోనే మొదలవుతుంది. అమ్మాయి అద్దం ముందు నిలబడి దిగులు పడుతుంటే, అల్లాహ్ నిన్ను చక్కగా సృష్టించాడమ్మా అని తల్లి, తండ్రి మనస్ఫూర్తిగా చెప్పే ఇంట్లో పెరిగిన పిల్లకు ఏ ప్రకటనా సులభంగా దిగులు పుట్టించలేదు.

అల్లాహ్ మన రూపాలను తీర్చిదిద్దినట్లే మన గుణాలను కూడా తీర్చిదిద్దుగాక! రోగగ్రస్తులైన సోదరీమణులకు సంపూర్ణ స్వస్థతను, ఆరోగ్యవంతులకు కృతజ్ఞతను, మన పురుషులకు అదుపులో ఉండే చూపును, మృదువైన నాలుకను ప్రసాదించుగాక! ఆమీన్.